బాయిల్ నుంచి మదనపల్లెకు

మదనపల్లె పేరు చెప్పగానే మీలో చాలామందికి టమాటా మార్కెట్టు గుర్తుకొస్తుంది. శ్రీనివాసపురం, చింతామణి, ములబాగిలు వైపు వాళ్ళకైతే అది పక్క ఊరి కిందే లెక్క. ఆ ఊరికీ మన జాతీయగీతానికీ ఉన్న సంబంధం గురించి కూడా ఎప్పుడో ఒకప్పుడు వినే ఉంటారు. ఆ మాటల్లో మార్గరెట్ కజిన్స్ అనే ఐరిష్ వనిత పేరు అలా వచ్చి ఇలా వెళ్ళిపోతుంది. ఇవాళ ఆమె పుట్టిన ఊరి దగ్గర మొదలుపెడదాం.

ఐర్లండుకు పడమటి వైపు రాస్‌కామన్ అనే జిల్లా ఉంది. అందులో కర్ల్యూ కొండల దిగువన, ఏటి ఒడ్డున బాయిల్ ఉంటుంది. మూడు వేల లోపు జనాభా. మన లెక్కలో ఓ పెద్ద పల్లె, అంతే. 1161లో క్రైస్తవ సన్యాసులు నెలకొల్పిన మఠం శిథిలాలు అక్కడ ఇప్పటికీ చూడవచ్చు. మరొకటి కింగ్ హౌస్. కింగ్ అనే జమీందారీ వంశం పద్దెనిమిదో శతాబ్దంలో కట్టుకున్న మేడ అది. తరువాత సైన్యం చేతికి పోయి, కన్నాట్ రేంజర్స్ అనే పటాలానికి బస అయింది. సిపాయిలు ఐరిష్ వాళ్ళు, జీతం ఇంగ్లండు రాజుది. ఈ పటాలం మనకూ తెలియనిది కాదు. 1920లో జలంధరులో ఉన్న ఈ సిపాయిలే, తమ దేశంలో ఇంగ్లీషు బలగాలు చేస్తున్న అఘాయిత్యాలు విని, కొలువు చెయ్యమని ఎదురు తిరిగారు. జేమ్స్ డేలీ అనే యువకుణ్ణి అదే ఏడు నవంబరు 2న దగ్‌షాయిలో కాల్చి చంపారు.

ఆ పటాలంలోని ఒక అధికారికి 1911లో బాయిల్‌లో పుట్టిన కూతురే మారీన్ ఓ సలివాన్. పాత సినిమాలు చూసినవారు పేరు మరచినా మనిషిని మరచిపోరు. 1932 నాటి టార్జాన్ చిత్రంలో అడవిలో అతని పక్కన ఉండే జేన్ ఆమే. ప్రపంచానికి బాయిల్ అంటే ముందు గుర్తుకొచ్చే పేరు బహుశా ఇదే. నాకు మాత్రం ఆమెకంటే ముప్పై మూడేళ్ళు ముందు, 1878లో, అదే ఊళ్ళో పుట్టిన మార్గరెట్ గిలెస్పీ ముఖ్యం.

మార్గరెట్ తండ్రి అక్కడి చిన్న కోర్టులో గుమాస్తా. పెద్ద సంసారం, ఈమె అందరికంటే పెద్దది. డబ్లిన్ వెళ్ళి సంగీతం చదివి, 1902లో పట్టా పుచ్చుకుంది. మరుసటి ఏడు జేమ్స్ కజిన్స్ అనే కవిని పెళ్ళాడింది. 1908లో హన్నా షీహీ స్కెఫింగ్టన్‌తో కలిసి స్త్రీల ఓటు హక్కు కోసం సంఘం పెట్టింది. అర్జీలతో పని కాలేదు, రాళ్ళు పట్టుకున్నారు. 1910లో లండన్‌లో రాళ్ళు విసిరినందుకు హాలోవే జైలు. 1913లో డబ్లిన్ కోటలో కిటికీ అద్దాలు పగలగొట్టినందుకు టల్లమోర్ జైలు. కోర్టు గుమాస్తా కూతురు ముద్దాయిగా నిలబడిందంటే, ఆ చిన్న ఊళ్ళో ఎన్ని గుసగుసలు పోయి ఉంటాయో మీరే ఊహించుకోండి.

1915లో దంపతులు మద్రాసు వచ్చారు. జేమ్స్ అనీ బిసెంట్ పత్రికలో పనికి కుదిరాడు. 1916లో డబ్లిన్ తిరుగుబాటులో ప్రాణాలిచ్చిన కవులను మెచ్చుకుంటూ రాసి ఆ ఉద్యోగం పోగొట్టుకున్నాడు. అప్పుడు బిసెంటే ఆయనను మదనపల్లె కళాశాలకు పంపించింది. అలా వచ్చారు మన వైపుకి.

1919 ఫిబ్రవరిలో రవీంద్రుడు మదనపల్లె వచ్చి విద్యార్థుల ముందు తన జనగణమన పాడాడు. ఆ పాటను ఇంగ్లీషులోకి ఆయనే అక్కడ మార్చాడు. మార్గరెట్ దాని బాణీకి పాశ్చాత్య పద్ధతిలో స్వరలిపి రాసింది. బాణీ ఆమే కట్టిందని కొందరు అంటారు. ఆ పాట 1911లోనే కలకత్తా కాంగ్రెసులో పాడినది కనుక, అంతదూరం పోనక్కరలేదు. గాలిలో ఉన్న పాటను కాగితం మీద పెట్టింది. అది చిన్న పనేమీ కాదు.

నిజానికి నా ఫిర్యాదు ఇక్కడే. ఈ ఒక్క ముచ్చటతో ఆమెను వదిలేస్తున్నాం. అంతకు ఏడాది పైచిలుకు ముందు, 1917 డిసెంబరులో, భారత మంత్రి మాంటేగు మద్రాసు వచ్చినప్పుడు, సరోజినీ నాయుడు నాయకత్వంలో స్త్రీలు వెళ్ళి, మగవాళ్ళతోపాటు మాకూ ఓటు ఇవ్వండని అడిగారు. ఆ రాయబారాన్ని కూర్చినది మార్గరెట్. 1921లో బ్రిటిషు ఇండియా రాష్ట్రాలన్నిటికంటే ముందు మద్రాసు రాష్ట్రం స్త్రీలకు ఓటు ఇచ్చింది. ఆస్తి ఉన్నవాళ్ళకే లెండి. కానీ చిత్తూరు, వేలూరు, హోసూరు, గంజాం అన్నీ అప్పుడా రాష్ట్రంలోనివే. మీ ఇంట్లో ముత్తవ్వ ఎవరైనా నాలుగెకరాల పట్టాతో ఆ రోజుల్లో ఓటు వేసి ఉంటే, ఆ చీటీ వెనుక బాయిల్ ఊరి ఆడపడుచు చెయ్యి కొంత ఉందన్నమాట.

తరువాత సైదాపేటలో ఆమెను గౌరవ మేజిస్ట్రేటును చేశారు. మన దేశంలో ఆ పీఠం ఎక్కిన మొదటి స్త్రీ ఆమేనంటారు. నాన్న కింద కూర్చుని కాగితాలు రాసుకున్న చోటికి పైన కూతురు కూర్చుంది. పట్టుమని పదేళ్ళు గడిచాయో లేదో, మళ్ళీ ముద్దాయి. ప్రభుత్వపు అత్యవసర ఆర్డినెన్సులను ఎదిరించి మద్రాసులో మాట్లాడినందుకు ఏడాది శిక్ష. 1932 డిసెంబరులో వేలూరు జైలుకు పంపారు. తమ ఊరి పిల్ల మారీన్ టార్జాన్ సరసన తెర మీద కనిపించిన సంవత్సరం కూడా అదే.

చివరి పదేళ్ళు పక్షవాతంతో మంచాన పడింది. మద్రాసు ప్రభుత్వం డబ్బు సాయం చేసింది. 1954 మార్చి 11న కన్నుమూసింది. జేమ్స్ 1956లో పోయాడు, మదనపల్లెలోనే.