వాకిలి, డ్రైవ్‌వే, ఒక చట్టం కథ

డ్రైవ్‌వేకి తెలుగులో సరిగ్గా సరిపోయే మాట నాకు దొరకలేదు. దగ్గరగా ఉన్న మాట వాకిలి. కానీ రెండూ ఒకటి కాదు. వాకిలి అంటే ఊడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గు పెట్టే చోటు. పిల్లలు ఆడుకునే చోటు కూడా అదే. ఇక్కడ బాతెల్‌లో ఇంటి ముందున్న ఆ చోటుని మనం కారుకి ఇచ్చేశాం. ఈ తేడా పెద్దవాళ్లకి తెలుసు. రెండేళ్ల పిల్లవాడికి తెలియదు. వాడికి అది వాకిలే.

అమెరికాలో ఇలాంటి ఒక డ్రైవ్‌వే నుంచే ఒక చట్టం పుట్టింది. 2002 అక్టోబరులో, న్యూయార్క్ రాష్ట్రంలోని లాంగ్ ఐలండ్‌లో, ఒక తండ్రి తన పెద్ద కారుని రివర్స్‌లో డ్రైవ్‌వేలోకి తెస్తున్నాడు. ఆయన పిల్లల డాక్టరు. రెండేళ్ల కొడుకు కామెరన్ గల్‌బ్రాన్‌సెన్ కారు వెనక ఉన్నాడు. అంత చిన్న పిల్లవాడు కారుకి బాగా దగ్గరగా ఉంటే అద్దాల్లో కనబడడు. బాబు చనిపోయాడు.

డ్రైవరు జాగ్రత్తగా ఉంటే చాలు అని అంతకుముందు అనేవారు. కనబడనిదాన్ని జాగ్రత్త ఎలా చూస్తుంది? 2008 ఫిబ్రవరి 28న అధ్యక్షుడు జార్జ్ బుష్ కొత్త చట్టం మీద సంతకం పెట్టారు. దానికి కామెరన్ పేరే పెట్టారు. మూడేళ్లలో నియమం తేవాలని ఆ చట్టం చెప్పింది. గడువు మళ్లీ మళ్లీ వాయిదా పడింది. 2013లో ఆ తండ్రి, కొన్ని సంఘాలు కలిసి కోర్టుకి వెళ్లారు. చివరికి 2014 మార్చి 31న నియమం వచ్చింది. 2018 మే 1 నుంచి ఇక్కడ అమ్మకానికి తయారయ్యే ప్రతి కొత్త కారుకీ వెనక కెమెరా తప్పనిసరి. కారు వెనక 10 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు చోటు తెర మీద కనబడాలి.

నియమం తెచ్చినప్పుడు ప్రభుత్వం వేసిన అంచనా ఇది: ఇలాంటి ప్రమాదాల్లో ఏడాదికి సుమారు 210 మంది చనిపోతారు, 15,000 మందికి గాయాలవుతాయి. చనిపోయేవాళ్లలో 31 శాతం అయిదేళ్ల లోపు పిల్లలు. 26 శాతం 70 ఏళ్లు, ఆ పైన ఉన్నవాళ్లు. అంటే మనవలు, వాళ్లతో ఆడుకునే తాతయ్యలు, అమ్మమ్మలు.

భారతదేశంలో 2019 జూలై 1 నుంచి కొత్త కార్లకి వెనక సెన్సార్లు తప్పనిసరి చేశారు. కానీ కదలని కారు కూడా ప్రమాదమే. 2025 మే నెలలో విజయనగరం దగ్గర ద్వారపూడిలో నలుగురు పిల్లలు ఆడుకుంటూ ఆగి ఉన్న కారులోకి ఎక్కారు. తలుపులు లాక్ అయిపోయాయి. నలుగురూ ఊపిరాడక చనిపోయారు. అలాంటి చోట కెమెరా ఏం చేస్తుంది?

అందుకే చట్టం వచ్చింది కదా అని మన పని అయిపోలేదు. బాతెల్ వానకి కెమెరా అద్దం మసకబారుతుంది. పాత కార్లకి కెమెరానే ఉండదు. కారు తీసే ముందు చుట్టూ ఒకసారి నడిచి చూడండి. పిల్లల చెయ్యి ఎవరు పట్టుకున్నారో పేరు పెట్టి అడగండి. "ఎవరో ఒకరు చూస్తున్నారులే" అనుకోవద్దు. గుడి పార్కింగ్‌లో పండగ రోజు అలా అనుకోవడం మరీ సులువు. ఇంటి దగ్గర కారుకి ఎప్పుడూ తాళం వేసి, తాళంచెవి పిల్లలకి అందనంత ఎత్తులో పెట్టండి.