హ్యామక్‌కి అంటిన తపసి జిగురు

రెండేళ్ల క్రితం ఫిబ్రవరిలో, ఖమ్మం నుంచి భద్రాచలం వైపు అడవి మొదలయ్యే చోట, ఒక కోయగూడెం అంచున హ్యామక్ కట్టుకుని పడుకున్నాను. చెట్టు తెల్లగా, నున్నగా ఉంది. ఒక్క ఆకు లేదు. ఫోటోకి బాగుంటుందని దాన్నే ఎంచుకున్నాను. కాండం మీద ఉన్న గొడ్డలి గాటు చీకట్లో చూసుకోలేదు. పొద్దున లేచేసరికి పట్టీకీ బట్ట అంచుకీ లేత పసుపు రంగు జిగురు పట్టేసి ఉంది.

క్యాంపింగ్ చేసేవాళ్లందరూ చెప్పే చిట్కా ఒకటే: చెట్టు బంక అంటితే శానిటైజర్‌తో రుద్దు. సగం సీసా ఖాళీ చేశాను. జిగురు కదల్లేదు. అటుగా వచ్చిన చేను పెద్దాయన కాసేపు చూసి నవ్వాడు. "నీళ్లల్లో నానబెట్టు బాబూ, అదే ఊడొస్తది. గీకింది పారెయ్యకు మళ్ల. అది పైసలు."

ఆయన చెప్పినదాంట్లో మొదటి సగం కెమిస్ట్రీ, రెండో సగం చరిత్ర.

ముందు కెమిస్ట్రీ. చెట్టు కార్చేదాన్నంతటినీ మనం బంక అనేస్తాం గానీ అందులో రెండు జాతులున్నాయి. పైన్ చెట్టు కార్చేది రెసిన్, మన గుగ్గిలం లాంటిది. అది నీళ్లకు లొంగదు. ఆల్కహాల్‌కో నూనెకో కరుగుతుంది. శానిటైజర్ చిట్కా పైన్ చెట్ల దేశాల్లో పుట్టింది, అక్కడ పనిచేస్తుంది. తపసి చెట్టుది వేరే కథ. దాని జిగురు పొడవాటి చక్కెర గొలుసుల ముద్ద. ఆల్కహాల్ దాన్ని కరిగించలేదు. నీళ్లు తగిలితే మాత్రం పీల్చుకుని ఎన్నో రెట్లు ఉబ్బుతుంది. కాబట్టి పూర్తిగా ఎండనిచ్చి, గోటితో పెళ్లగించి, మిగిలినదాన్ని చన్నీళ్లలో నానబెడితే ముంజలాగా తేలిపోతుంది. అదే అడవిలో వేగిస చెట్టు కూడా ఉంటుంది. దాని గాటు నుంచి ఎర్రటి రసం కారుతుంది. అది ఆరితే మరక వదలదు, తడిగా ఉండగానే కడిగేయాలి. అన్నిటికన్నా తేలిక, గాటు లేని చెట్టు చూసుకుని, వెడల్పాటి పట్టీ కింద గోనెపట్టా ముక్క వేసి కట్టడం. బట్టకి జిగురు అంటదు, చెట్టు బెరడు ఒరుసుకుపోదు.

ఇక చరిత్ర. తపసి జిగురుకు ప్రపంచ వ్యాపారంలో పేరు కరాయ. పర్షియా నుంచి వచ్చే ట్రాగకాంత్ అనే ఖరీదైన జిగురుకు చౌక బదులుగా మన అడవుల సరుకు పాశ్చాత్య దేశాలకు ఎగుమతి అయ్యేది. అందుకే దానికి ఇండియన్ ట్రాగకాంత్ అని మరో పేరు. కట్టుడు పళ్లు జారిపోకుండా చిగుళ్లకు పట్టి ఉంచే పొడిలో, విరేచనాల మందులో, జుట్టు వంకీలు నిలబెట్టే లోషన్‌లో అది చేరింది. ఆహార పదార్థాల్లో దాని నంబరు ఇ416. ఎక్కడో ఒక ముసలాయన ధైర్యంగా ఆపిల్ కొరికాడంటే, వెనక ఏ కోయ ఇంటివాళ్లో, కొండరెడ్డి ఇంటివాళ్లో ఎండలో గుట్టలెక్కి ఉండొచ్చు.

ఈ అడవి మాత్రం ఉన్నచోటే ఉండి ఎన్నో సర్కార్లను చూసింది. భద్రాచలం ప్రాంతం 1860లో నిజాం చేతినుంచి బ్రిటిష్‌వాళ్లకు పోయింది. 1874లో మద్రాసు వైపు గోదావరి జిల్లాలో కలిసింది. 1959లో ఖమ్మం జిల్లాకు వచ్చింది. 2014లో పట్టణం తెలంగాణలో ఉండిపోయి, చుట్టుపక్కల మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ మొదలైంది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో అటవీ ఉత్పత్తుల కొనుగోలును 1979 నాటి రెగ్యులేషన్ కట్టడి చేసింది. దళారీ తూకం నుంచి గిరిజనుణ్ణి కాపాడటం దాని ఉద్దేశం. కాపాడింది కూడా. కాకపోతే కొనేవాడు ఒక్కడే అయినప్పుడు ధర కూడా ఆ ఒక్కడే చెప్తాడు. ఆ జిగురు మీద హక్కు సేకరించేవాళ్లదే అని చట్టం స్పష్టంగా రాయడానికి 2006 అటవీ హక్కుల చట్టం దాకా ఆగాల్సి వచ్చింది.

మధ్యలో దెబ్బ తిన్నది చెట్టు. లోతుగా నరికితే జిగురు ఎక్కువ వస్తుంది, చెట్టు చచ్చిపోతుంది. రేపు ఈ చెట్టు నాదో కాదో తెలియనివాడికి లోతుగా నరకొద్దని చెప్పడం సులువు. తర్వాత శిక్షణలొచ్చాయి: చిన్న గాటు పెట్టాలి, కొన్ని రోజులకోసారి దాని అంచును పల్చగా చెక్కాలి, కారింది నేల పాలవకుండా పట్టాలి, బెరడు ముక్కలు ఏరి ఆరబెట్టాలి. తెల్లగా, చెత్త లేకుండా ఉంటే మొదటి రకం. ఎర్రబడితే, బెరడు కలిస్తే రేటు పడిపోతుంది.

ఇది తెలిశాక నా సంగతి నాకే నవ్వొచ్చింది. నేను బట్టకి జిగురు అంటకుండా చూసుకుంటున్నాను. వాళ్లు జిగురుకి బెరడు, దుమ్ము అంటకుండా చూసుకుంటున్నారు. ఇద్దరిదీ శుభ్రం గురించిన పట్టింపే. నాది తప్పితే హ్యామక్ పాడవుతుంది. వాళ్లది తప్పితే ఆ వారం సంతలో ఉప్పూ నూనే తగ్గుతాయి. పైగా నేను పట్టీ బిగించింది వాళ్లు చెక్కుకుంటూ వస్తున్న గాటు మీద. రాత్రంతా కారింది నా పట్టీ తాగేసింది.

పట్టీని బకెట్లో నానబెట్టే ముందు గీకగలిగినంత గీకి పెద్దాయన చేతిలో పెట్టాను. అరచేతిలో దొర్లించి చూసి, పట్టీ నూలు పోగు ఒకటి పీకి పారేసి అన్నాడు: "రెండో రకం."