కలర్ స్లైడ్లు: భద్రాచలం మన్యపు పాత చిత్రాల పరిశీలన

నెగటివ్‌తో పని లేకుండా ఫిల్మ్ మీదే నేరుగా సహజ వర్ణాలతో ఏర్పడి, వెనుక నుంచి వెలుగు పడినప్పుడు కనిపించే పారదర్శక ఛాయాచిత్రాన్ని కలర్ స్లైడు అంటారు. లూమియేర్ సోదరులు రంగులద్దిన బంగాళాదుంప పిండి రేణువులను గాజు పలకపై పరిచి 1907లో అమ్మకానికి తెచ్చిన ఆటోక్రోమ్ దీనికి పూర్వరూపం కాగా, 1936లో 35 మి.మీ. పరిమాణంలో వచ్చిన కోడాక్రోమ్, అగ్ఫాకలర్ ఫిల్ములు దీనిని చేతి కెమెరాకు అందించాయి.

ఖమ్మం, భద్రాచలం అడవులకు రంగుల చిత్రణ ఆలస్యంగానే చేరింది. ఆస్ట్రియాలో పుట్టిన మానవశాస్త్రవేత్త ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్, రెండో ప్రపంచ యుద్ధకాలంలో నిజాం రాజ్యంలో ఉండిపోయి, పాపికొండల్లోని కొండరెడ్లపై పరిశోధించి 1945లో వెలువరించిన గ్రంథంలో ఉన్నవి నలుపు తెలుపు ఫొటోలే. పైగా కోడాక్రోమ్ ఫిల్మ్‌లో రంగుద్రవ్యాలు ముందుగా ఉండవు. వాటిని కడిగే దశలోనే చేర్చవలసి ఉన్నందున దానిని ప్రత్యేక ల్యాబుకు పంపడమే తప్ప ఊరి స్టూడియో చీకటిగదిలో కడగడం సాధ్యమయ్యేది కాదు.

తొలి కోడాక్రోమ్ వేగం, అంటే వెలుగును గ్రహించే శక్తి, నేటి కొలతలో సుమారు 10 మాత్రమే కాబట్టి, ఎండ లేనిచోట దానితో పని జరిగేది కాదు. గుడిసె లోపలి పొయ్యి, రాత్రివేళ కోయల కొమ్మునృత్యం అలాంటి స్లైడ్లలో దాదాపు కనిపించకపోవడానికి, కనిపించిన మనుషులు నడియెండలో బిగుసుకుని నిలబడి ఉండడానికి కారణం ఫిల్మ్ మందకొడితనమే గాని వారి స్వభావం కాదు. ఈ తేడాను పట్టించుకోని చిత్రవ్యాఖ్యలు నమ్మదగినవి కావు.

అయినా రంగు ఇచ్చే సాక్ష్యం విలువైనదే. నలుపు తెలుపు ఫొటోలో బూడిదరంగు మచ్చగా మిగిలే మోదుగ చెట్టు, స్లైడులో ఆకులన్నీ రాల్చి నారింజ పూలతో నిలిచి, ఆ చిత్రం శీతాకాలం వెళ్లి ఎండలు ముదిరే రోజులదని చెబుతుంది. పోడు కోసం కాల్చిన కొండవాలు నల్లదనం కూడా అంతే. అయితే ఎక్టాక్రోమ్ అనే మరో స్లైడు ఫిల్మ్ తొలి రకాల్లో నీలిపచ్చ రంగు చీకటిలో దాచినా వెలిసిపోయి చిత్రమంతా ఎర్రబారుతుంది కాబట్టి, పచ్చని టేకు అడవి ఎండినట్లు కనిపించవచ్చు. అప్పుడు గోదావరిలో ఇసుక తిన్నెలు తేలాయా, నీరు ఒడ్డు తాకిందా అన్నది చూసి రుతువును నిర్ధారించాలి. కోడాక్రోమ్ చీకటిలో దశాబ్దాలు నిలిచినా ప్రొజెక్టర్ వెలుగుకు త్వరగా వెలుస్తుంది, కనుక అసలు స్లైడును తెరపై వేయకుండా లైట్ టేబుల్ మీద పెట్టి భూతద్దంతో చూడడం మేలు.

కాలనిర్ణయానికి ఆధారాలు స్లైడును బిగించిన చట్రం మీదా బొమ్మలోనూ దొరుకుతాయి. చట్రంపై ముద్రించిన నెల, సంవత్సరం ఫిల్మ్ కడిగిన తేదీని సూచిస్తాయే గాని తీసిన తేదీని కాదు. భద్రాచలం వద్ద గోదావరిపై పూర్తయిన వంతెన కనిపిస్తే ఆ చిత్రం 1960ల మధ్యకు ముందుది కాదు. భద్రాచలం తాలూకా 1959లో ఖమ్మం జిల్లాలో కలిసినందున, చట్రంపై తూర్పు గోదావరి అని రాసి ఉంటే అది అంతకు ముందుదయ్యే అవకాశం ఎక్కువ. పోలవరం ముంపు కారణంగా 2014లో ఆంధ్రప్రదేశ్‌కు బదిలీ అయిన కూనవరం, వేలేరుపాడు వంటి మండలాల పల్లెల స్లైడ్లకైతే ఊరిపేరు అన్నిటికన్నా ముఖ్యం.

వానాకాలపు తేమకు జిలటిన్ పొరపై బూజు పడుతుంది కాబట్టి స్లైడ్లను పొడిగా, చల్లగా ఉంచాలి. ప్రపంచంలో కోడాక్రోమ్ కడిగే చివరి ల్యాబు 2010 డిసెంబరు 30న కొత్త రోళ్లను తీసుకోవడం ఆపివేసినందున, పెట్టెల్లో కడగకుండా మిగిలిన రోళ్ల నుంచి ఇక నలుపు తెలుపు బొమ్మలే రాబట్టగలరు.