టేబుల్ టెన్నిస్ మేటి విక్టర్ బార్నా

మన దేశపు టేబుల్ టెన్నిస్ పోటీలలో రాష్ట్రాల పురుషుల జట్లు పోరాడే బహుమతికి బార్నా-బెల్లాక్ కప్పు అని పేరు. ఆ కప్పు పేరు ఎరుగని ఆటగాడుండడు. కాని ఆ బార్నా ఎవరని అడిగినచో చాలమంది తటపటాయింతురు.

బార్నా 1911వ సంవత్సరమున బుడాపెస్టు నగరమున ఒక యూదు కుటుంబమున జన్మించినాడు. అసలు పేరు గ్యోజో బ్రౌన్. హంగరీలో అవి యూదులకు మంచి రోజులు కావు. విశ్వవిద్యాలయములలో వారి సంఖ్యకు మితి విధించు శాసనము 1920లోనే వచ్చినది. ఇంటిపేరు వినగానే మనిషి పుట్టుక తెలిసిపోవుట ఎంత చిక్కో మనకు వేరుగా చెప్పనక్కరలేదు. బ్రౌన్ అనగా జర్మను భాషలో గోధుమవన్నె. హంగరీ భాషలో అదే బార్నా. గ్యోజో అనగా విజేత, అదే విక్టర్. అతడు తన పేరును తానే అనువదించుకొన్నాడన్నమాట!

ఆ పేరు సార్థకమైనది. 1930లో బెర్లినులో అతడు మొదటిసారి ప్రపంచ విజేత అయినాడు. మరుసటి ఏడు తన జోడీ ఆటగాడైన సబదోష్ చేతిలోనే ఓడినాడు. అటుపిమ్మట 1932 మొదలు 1935 వరకు జరిగిన నాలుగు పోటీలలోనూ సింగిల్స్ విజయము అతనిదే. ఆనాడు వల ఎత్తు 6¾ అంగుళములు. అంత ఎత్తు వల మీదుగా బంతిని కొట్టుటకన్న, వచ్చినదానిని ఓపికగా తిప్పి పంపుటయే క్షేమమని పలువురు తలచెడివారు. బార్నా మాత్రము ఎడమప్రక్కకు వచ్చిన బంతిని మణికట్టు విదిలించి మెరుపువలె కొట్టెడివాడు. ఆ దెబ్బకే అతని పేరు నిలిచినది.

1935లోనే ఫ్రాన్సులో కారు ప్రమాదమున అతని కుడిచేయి విరిగినది. ఆడే చేయి అదే. ఎముకకు లోహపు పలక బిగించవలసి వచ్చినది. మరల సింగిల్స్ కిరీటము దక్కలేదు. అయినను 1939లో కైరోలో, హిట్లరు ఆక్రమించిన ఆస్ట్రియాను విడిచి వచ్చిన యూదు యువకుడు బెర్గ్‌మన్‌తో కలిసి, ఇంగ్లండు పక్షమున డబుల్స్ గెలిచినాడు. పుట్టిన దేశములు వేరైనను, ఆ ఇద్దరికిని అప్పటికి ఇంగ్లండే ఇల్లు. నా దృష్టిలో అతని 22 ప్రపంచ విజయములలో మిన్న ఇదియే.

యుద్ధకాలమున బార్నా బ్రిటిషు సైన్యపు పారాచూటు దళమున చేరి యుగోస్లావియాలో పోరాడినాడు. తరువాత లండనులో స్థిరపడినాడు. 1972లో పెరూ దేశపు లిమా నగరమున, పయనములో ఉండగనే కన్నుమూసినాడు.