కళ్లకు గంతలు కట్టి నేర్పే చదువు

వరంగల్ శివారు మామునూరులో విమానాశ్రయం వెలిసింది 1930లో, నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ హయాంలో. 1,875 ఎకరాల ఆ మైదానంలో సిబ్బంది నివాసాలతో పాటు పైలట్ల శిక్షణ కేంద్రం కూడా ఉండేదని చెబుతారు. ఆనాటి పైలట్‌కు కన్నే దిక్కు. రైలు పట్టాలు, చెరువు కట్టలు, గుట్టలు గుర్తుపట్టుకుంటూ పోవాలి, మబ్బు కమ్మితే దిగిపోవాలి. అయితే అంతకు ఏడాది ముందే, 1929 సెప్టెంబర్ 24న, అమెరికాలోని మిచెల్ ఫీల్డ్‌లో జిమ్మీ డూలిటిల్ గుడ్డ కప్పిన కాక్‌పిట్‌లో కూర్చుని, బయటి ప్రపంచం ఏమాత్రం కనబడకుండా, మీటర్లు మాత్రమే చూస్తూ ఎగిరి, చుట్టి వచ్చి దిగాడు. ముందు సీట్లో బెన్ కెల్సీ అనే మరో పైలట్ అవసరమైతే అందుకోవడానికి సిద్ధంగా ఉన్నాడు. మీటర్లు మాత్రమే చూస్తూ ఎగరడం నేర్పాలంటే శిష్యుడి చూపును పూర్తిగా కట్టేయాలి, తోడుగా ఉన్న పైలట్ చూపును ఏమాత్రం కట్టకూడదు. తర్వాతి తొంభై ఏళ్లలో వచ్చిన చూపు కప్పే హుడ్‌లను, కళ్లద్దాలను ఈ రెండు షరతులతోనే తూచాలి. ధర, సౌకర్యం ఆ తర్వాతి మాటలు.

చూపును అంత గట్టిగా కట్టడం దేనికంటే, మబ్బులో మనిషికి మొదట ద్రోహం చేసేది సొంత చెవే. లోపలి చెవిలోని ద్రవం మలుపు మొదలైనప్పుడు కదులుతుంది. మలుపు ఒకే తీరుగా సాగితే కాసేపటికే సర్దుకుంటుంది. అప్పుడు విమానం ఒరిగి తిరుగుతున్నా, నేరుగానే పోతున్నామని ఒళ్లు చెబుతుంది. 1926లో విలియం ఆకర్ అనే సైనిక పైలట్‌ను గిరగిర తిరిగే కుర్చీలో కూర్చోబెట్టినప్పుడు తేలింది ఇదే. 1954లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో మీటర్ల మీద ఎగరడం రాని 20 మందిని పరీక్షిస్తే 20 మందీ విమానంపై అదుపు కోల్పోయారు, సగటున 178 సెకన్లలో. చూపు మూలన క్షితిజం సన్నని గీతలా కనబడినా మెదడు దాన్నే పట్టుకుని వేలాడుతుంది. ఒంటి మాట పక్కనపెట్టి మీటర్‌ను నమ్మే అలవాటు అలా బయట కనిపించే శిక్షణ గంటల్లో పుట్టదు.

మొదటి తరం పరిష్కారం మోటుది, కానీ నిజాయితీ గలది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో మన బేగంపేటలో నడిచిన ప్రాథమిక శిక్షణ పాఠశాల విమానం టైగర్ మాత్. ఆ రకం విమానాల వెనుక సీటుకు మడతపెట్టే గుడ్డ హుడ్ బిగించే ఏర్పాటు ఉండేది. అది మూస్తే శిష్యుడికి ఆకాశం లేనట్టే, ముందు సీట్లోని గురువుకు మాత్రం అంతా కనిపిస్తుంది. ఇద్దరూ పక్కపక్కనే కూర్చునే విమానాలు వచ్చేసరికి ఈ పద్ధతి చెల్లలేదు. అక్కడ బ్రిటిష్ వైమానిక దళం చూపిన తెలివి నా దృష్టిలో ఈ చరిత్రలోకెల్లా అందమైనది. కాక్‌పిట్ అద్దాలకు కాషాయ పసుపు తెరలు పెట్టి, శిష్యుడికి నీలి కళ్లద్దాలు తొడిగారు. పసుపు తెర నీలాన్ని ఆపుతుంది, నీలి అద్దం పసుపును ఆపుతుంది. రెండూ కలిస్తే బయట చీకటి. లోపలి మీటర్లు కనిపిస్తూనే ఉంటాయి. కళ్లద్దాలు లేని గురువుకు అదే కిటికీలోంచి పసుపు రంగు లోకం కనిపిస్తుంది. పైన చెప్పిన రెండు షరతులూ ఒక్క దెబ్బకు తీరాయి.

యుద్ధానంతరం చిన్న విమానాల శిక్షణ పెరిగాక, ప్రతి విమానానికీ తెరలు బిగించే ఓపిక ఎవరికీ లేకపోయింది. తలకు తగిలించుకునే ప్లాస్టిక్ హుడ్, దాని తర్వాత పైభాగం మసకగా ఉండే ఫాగిల్స్ అనే కళ్లద్దాలు వచ్చాయి. చవక, తేలిక, జేబులో పడతాయి. కానీ గడ్డం కొంచెం ఎత్తితే కిటికీ కనిపిస్తుంది, పక్కల నుంచి వెలుగు దూరుతుంది. విమానం తిరిగినప్పుడు ప్యానెల్ మీద జరిగే ఎండ నీడ కూడా దిక్కు చెప్పేస్తుంది. ఇంకో లోపం గురించి తక్కువమంది మాట్లాడతారు: శిష్యుడు కళ్లద్దాలు తానే పెట్టుకుంటాడు కాబట్టి మబ్బులో దూరే క్షణం అతనికి ముందే తెలుసు. నిజమైన మబ్బు అలా చెప్పి రాదు. గురువు మీట నొక్కితే క్రమంగా మసకబారే ఎలక్ట్రానిక్ అద్దాలు ఈ ఒక్క లోపాన్ని తీరుస్తాయి.

సిమ్యులేటర్లుండగా ఈ గొడవంతా ఎందుకని అడగవచ్చు. ఎడ్విన్ లింక్ తన శిక్షణ యంత్రాన్ని తయారు చేసింది కూడా 1929 నాటికే. మన దేశంలో మీటర్ల మీద ఎగిరే అర్హతకు, అంటే ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్‌కు, కావలసిన 40 గంటల్లో కొంత భాగం నేల మీద చేయవచ్చు కూడా. విధివిధానాలు నేర్వడానికి సిమ్యులేటర్‌ను మించింది లేదు. అయితే నేలకు బిగించిన యంత్రం చెవిని అసలు విమానంలా మోసం చేయలేదు, మోసపోవడమే ఇక్కడి పాఠం. చూపు పూర్తిగా కడితే ఎదురొచ్చే విమానాన్ని ఎవరు చూస్తారన్న అభ్యంతరానికి బలముంది. దానికి జవాబు బయట చూస్తూ ఉండే మంచి సేఫ్టీ పైలట్, సగం కనిపించే కళ్లద్దాలు కావు. శిష్యుడి దొంగచూపు మీద ఆధారపడిన భద్రత భద్రతే కాదు. ధర మాటకొస్తే, వృథాగా పోయే ఒక్క గంట ఇంధనం పక్కన మంచి హుడ్ ఖరీదు లెక్కలోకి రాదు.

మామునూరులో రాకపోకలు 1981 వరకు సాగాయని చెబుతారు. ఆ తర్వాత ఆ మైదానం ఎన్‌సీసీ కేడెట్ల గ్లైడర్లకే మిగిలింది. 150 కిలోమీటర్ల పరిధిలో మరో విమానాశ్రయం రాకూడదన్న శంషాబాద్ విమానాశ్రయ ఒప్పందపు అడ్డంకి తొలగి, 2025 ఫిబ్రవరిలో కేంద్రం పునరుద్ధరణకు పచ్చజెండా ఊపింది. రేపు అక్కడ మళ్లీ శిక్షణ మొదలైతే నిర్వాహకులకు ఒకటే విన్నపం: కళ్లద్దాలు కొనేముందు వాటిని ఒక విద్యార్థికి తొడిగి సీట్లో కూర్చోబెట్టండి, తల ఎత్తమనండి, పక్కకు తిప్పమనండి. కిటికీ కనిపిస్తోందంటే అవి కొనకండి. కొని ఉంటే, వాటితో ఎగిరిన గంటను లాగ్‌బుక్‌లో ఇన్‌స్ట్రుమెంట్ గంటగా రాయనివ్వకండి.