ఊరు కదల్లేదు, దేశం మారింది

మా అన్నయ్య కూతురు స్ట్రాస్‌బర్గ్‌లో చదువుకుంటోంది. మొన్న వీడియో కాల్‌లో పొడుగాటి పచ్చ సీసా ఒకటి చూపించి, "అత్తా, ఇది ఫ్రాన్స్ వైన్, పేరు మాత్రం జర్మన్. ఎందుకో చెప్పు చూద్దాం" అంది. పేరు గెవుర్జ్‌ట్రామినర్. నాకు నోరు తిరగడానికే రెండు నిమిషాలు పట్టింది. "గెవుర్జ్" అంటే జర్మన్‌లో మసాలా దినుసు, ట్రామిన్ ఏమో ఇప్పటి ఇటలీలో ఉన్న ఒక ఊరు. మూత తీస్తే గులాబీలూ లిచీ పండూ కలిసినట్టు గుబాళిస్తుందట. రుచి సంగతి నాకు తెలియదు కానీ, ఆ పేరు వెనక కథ మాత్రం వారం రోజులుగా నన్ను వదలడం లేదు.

ఈ వైన్ పుట్టే సీమ పేరు అల్సాస్. ఫ్రాన్స్ తూర్పు అంచున ఉంది. పడమట వోజ్ కొండలు, తూర్పున రైన్ నది, నది దాటితే జర్మనీ. పడమటి మబ్బులు కొండల అవతలే కురిసిపోతాయి. అందుకే అక్కడి కోల్మార్, ఫ్రాన్స్‌లో బాగా తక్కువ వాన పడే ఊళ్ళలో ఒకటి. ఆ ఎండకి ఈ ద్రాక్ష తొక్క గులాబీ రంగు తిరిగి, బాగా తీపెక్కుతుంది.

ఆ సీమలో 1870లో పుట్టిన ఒక ఆడపిల్లను ఊహించుకోండి. పుట్టినప్పుడు ఫ్రాన్స్ పిల్ల. యుద్ధంలో ఫ్రాన్స్ ఓడిపోయి, 1871లో జర్మనీ పిల్ల అయింది. 1918లో మళ్ళీ ఫ్రాన్స్. 1940లో హిట్లర్ సైన్యం వచ్చి మళ్ళీ జర్మనీ. 1945కల్లా తిరిగి ఫ్రాన్స్. డెబ్బై ఐదేళ్ళలో నాలుగుసార్లు దేశం మారింది, ఆవిడ గడప దాటకుండానే! పెళ్ళితో ఒక్కసారి ఇంటిపేరు మారితేనే మనకి కాగితాలన్నీ దిద్దుకోవడం ఎంత పనో!

నాజీల కాలంలో అక్కడ ఫ్రెంచ్ మాట్లాడకూడదు. ఫ్రెంచ్ పేర్లు జర్మన్ పేర్లుగా మార్చుకోవాలి. 1942 నుంచి సుమారు లక్షమంది అల్సాస్ మగపిల్లల్ని బలవంతంగా జర్మన్ సైన్యంలో చేర్చారు. 1944-45 చలికాలపు యుద్ధంలో బెన్‌విర్, అమ్మెర్ష్‌విర్ లాంటి ద్రాక్షతోటల ఊళ్ళు నేలమట్టమయ్యాయి.

ఇదంతా వింటుంటే మా అమ్మాయి పన్నెండో తరగతి ఇంగ్లీషు పాఠం "ది లాస్ట్ లెసన్" గుర్తొచ్చింది. ఆల్ఫోన్స్ డోడే రాసిన కథ. అల్సాస్ బడుల్లో ఇకమీదట జర్మనే నేర్పాలని బెర్లిన్ నుంచి ఉత్తర్వు వస్తుంది. ఫ్రెంచ్ మాస్టారు చివరి పాఠం చెబుతారు. ఆ పాఠం దానికి వివరిస్తూ నేను కళ్ళు తుడుచుకున్నాను.

కథలో చెప్పని సంగతి ఇప్పుడు తెలిసింది. ఆ పల్లెల్లో చాలా ఇళ్ళ భాష అసలు ఫ్రెంచ్ కాదు, జర్మన్‌కి దగ్గరగా ఉండే అల్సేషియన్. కథలో పిల్లవాడి పేరు కూడా ఫ్రాంజే! 1945 తర్వాత ఫ్రాన్స్ ప్రభుత్వం ఫ్రెంచ్ మాట్లాడటమే నాగరికం అని పోస్టర్లు వేయించింది. బడిలో అల్సేషియన్ మాట దొర్లితే పిల్లలకు శిక్ష. మా మేనకోడలు అద్దెకుంటున్న ఇంటి మామ్మగారు అలా దెబ్బలు తిన్నావిడే. అందుకే ఆవిడ తన పిల్లలకు ఆ భాష నేర్పలేదట. ఇప్పుడు మనవలకి ఒక్క ముక్క రాదు. సీసా మీద పేరొక్కటే మిగిలింది. ఫ్రెంచ్‌లో రాసేటప్పుడు దాని మీది రెండు చుక్కలు కూడా మామూలుగా పెట్టరు.

మామ్మగారిని అనడానికి నాకు నోరు రాలేదు. ఆవిడ దెబ్బలకు భయపడింది. నన్నెవరు కొట్టారు? తెలుగులో బీఏ చదివిన నేనే, మార్కులు ఎక్కువొస్తాయని మా అమ్మాయి చేత రెండో భాషగా సంస్కృతం తీసుకోమన్నాను. ఎక్కడో పరాయి భాష పోయిందని ఏడ్చిన రోజున, నా కూతురికి తెలుగు చదవడం రాదన్న సంగతి నాకు తట్టనేలేదు.

ఇప్పుడది పుణెలో ఉద్యోగం చేస్తోంది. వారం నుంచి రోజుకో ముక్క తెలుగు లిపిలో మెసేజ్ పెడుతున్నాను. నిన్న "అన్నం తిన్నావా" అని పంపితే, పావుగంటకి "తినాను అమా" అని వచ్చింది. రెండు ఒత్తులూ లేవు. దిద్దలేదు నేను.