వేములవాడ

వేములవాడ రాజన్న సిరిసిల్ల జిల్లాలో మూలవాగు ఒడ్డున ఉన్న పట్టణం, ప్రసిద్ధ శైవక్షేత్రం. సిరిసిల్లకు సుమారు 12 కిలోమీటర్ల దూరం. 2016 అక్టోబరు 11 దాకా ఇది కరీంనగర్ జిల్లాలో ఉండేది. కొత్త జిల్లాకు పేరిచ్చింది ఈ ఊరి దేవుడే. రాజరాజేశ్వరుణ్ని జనం ఎములాడ రాజన్న అని పిలుచుకుంటారు. కోడెమొక్కు తీర్చుకోవడానికి వచ్చే భక్తుల్లో చాలామందికి, ఒకప్పుడు ఇది రాజధాని అనీ, మూడు భాషల కవులను పోషించిన ఆస్థానం ఇక్కడే ఉండేదనీ తెలియదు. ఊరి అసలు గొప్పతనం తెలియాలంటే మొదలుపెట్టాల్సింది అక్కడి నుంచే.

8వ శతాబ్దం నుంచి 10వ శతాబ్దం దాకా ఈ సీమను ఏలిన చాళుక్య శాఖవారు రాష్ట్రకూటులకు సామంతులు. వారి తొలి రాజధాని బోధన్, తర్వాత వేములవాడ. శాసనాల్లో ఊరి పేరు లేంబులవాటకం. వీరిలో యుద్ధమల్లుడు బోధన్‌లో నూనె నింపిన కొలనులో ఏనుగులకు స్నానం చేయించాడని ప్రసిద్ధి. బద్దెగుడు 42 యుద్ధాల్లో ఓటమి ఎరగనివాడని పేరు పొందాడు, వేంగి చాళుక్య భీముణ్ని బందీగా పట్టుకున్నాడు.

రెండో అరికేసరి కొలువులోనే కన్నడ ఆదికవి పంపడు 941 ప్రాంతంలో 'విక్రమార్జున విజయం' రచించాడు. అందులో అర్జునుడంటే అరికేసరే. అందుకే పంపని భారతంగా పేరున్న ఈ కావ్యంలో ద్రౌపది అర్జునుడొక్కడికే భార్య, చివర పట్టాభిషేకం కూడా అర్జునుడికే. మెచ్చిన రాజు కవికి ధర్మవురం అగ్రహారమిచ్చాడు.

పంపని తమ్ముడు జినవల్లభుడు తెలుగువారికి ఇంకా దగ్గరివాడు. కరీంనగర్ జిల్లా గంగాధర మండలం కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట మీద చక్రేశ్వరిని, జైన తీర్థంకరులను చెక్కించి, కింద శాసనం వేయించాడు. అందులో సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ ఉన్నాయి. తెలుగు భాగంలోనివి మూడు కంద పద్యాలు. నన్నయ భారతానికి ఇంచుమించు వందేళ్ల ముందే ఈ నేలపై కందం ఇంత తేటగా నడిచింది. అన్న బిరుదు మీద కవితాగుణార్ణవమనే చెరువును, మదనవిలాసమనే తోటను కల్పించినట్టు కూడా జినవల్లభుడు ఇందులోనే చెప్పుకున్నాడు. 2008లో తెలుగుకు ప్రాచీన భాష హోదా వచ్చిన సందర్భంలో ఈ శాసనం మళ్లీ అందరి నోటా వినిపించింది. అంత విలువైన రాత ఇప్పటికీ ఎండకూ వానకూ గుట్ట మీదే ఉంది. దానికి కాపు కావాలి.

జైనాచార్యుడు సోమదేవసూరి 'యశస్తిలక చంపువు'ను 959లో గంగాధరలో పూర్తిచేశాడు. లేంబులవాటకంలోని శుభధామ జినాలయానికి మూడో అరికేసరి ఆ సోమదేవునికే ఊరు దానమిచ్చినట్టు 966 నాటి పర్భణీ తామ్రశాసనం చెబుతుంది. 973లో రాష్ట్రకూటులు పడిపోయారు. వారితోపాటే ఈ శాఖ కూడా చరిత్ర నుంచి తప్పుకుంది.

ఈనాటి వేములవాడకు రాజన్న గుడే గుండెకాయ. ధర్మగుండంలో మునిగి, తలనీలాలిచ్చి, కోడెను పట్టుకుని గుడి చుట్టూ తిప్పి కట్టేయడం ఇక్కడి ముఖ్యమైన మొక్కు. పంట చేతికొచ్చినా, బిడ్డ పుట్టినా మొదట గుర్తుకొచ్చేది కోడెమొక్కే. గుడి ఆవరణలోనే దర్గా ఉంది. రాజన్నను చూసినవారు అక్కడా మొక్కుతారు. మహాశివరాత్రి జాతర పెద్దది. మేడారం జాతరకు వెళ్లేవారు ముందు రాజన్నను దర్శించుకునే ఆనవాయితీ వల్ల ఆ రోజుల్లో ఊళ్లో ఇసకేస్తే రాలదు. బోనాలు బద్ది పోచమ్మకు.

శ్రీరామనవమి మాత్రం ఇక్కడ ప్రత్యేకం. శివుడి గుడిలో సీతారాముల కల్యాణం జరుగుతుంది. ఆ వేళకు శివపార్వతులనే భక్తులు వస్తారు. వీరిలో జోగినులు, హిజ్రాలు ఉంటారు. చేత త్రిశూలం పట్టుకుని, ఒకరిపై ఒకరు అక్షతలు చల్లుకుంటూ తమకు రాజన్నతో పెళ్లయినట్టు భావిస్తారు. బయట చిన్నచూపు ఎదుర్కొనే మనుషులు ఆ రోజు పెళ్లిపీటల మీది పెద్దమనుషులవుతారు.

ఇక్కడి నుంచి జగిత్యాల వైపు వెళితే కొండగట్టు అంజన్న, ఇంకా ముందుకు గోదావరి ఒడ్డున ధర్మపురి నరసింహస్వామి, అక్కడే యముడికీ గుడి. సిరిసిల్ల దారిలో మరమగ్గాల చప్పుడు. 2017 నుంచి 2023 దాకా బతుకమ్మ చీరలు నేసిన మగ్గాలవి.

వేములవాడ పక్కనున్న హనుమాజీపేట ఇద్దరిని ఇచ్చింది. ఒకరు ఒగ్గుకథను వేదికలకెక్కించిన మిద్దె రాములు. మరొకరు 1931 జులై 29న పుట్టిన సి. నారాయణరెడ్డి. ఉర్దూ మాధ్యమంలో చదువుకున్న ఈయన తెలుగు కవిగా 'విశ్వంభర'కు 1988 జ్ఞానపీఠ పురస్కారం అందుకున్నారు.